పంతులును తయారుచేసే పూచీ ఎవరిది?

1823 ఆగస్టులో బళ్ళారి కలెక్టర్ ఎ.డి. క్యాంప్‌బెల్ మద్రాసు రెవెన్యూ బోర్డుకు ఒక నివేదిక పంపాడు. జిల్లాల్లో బడులెన్ని ఉన్నాయో, పిల్లలెంతమందో, ఏం చదువుతున్నారో లెక్క తీయమని గవర్నర్ సర్ థామస్ మన్రో అంతకు ముందటి ఏడాదే అడిగి ఉన్నాడు. చాలామంది కలెక్టర్లు పట్టికలు నింపి ఊరుకున్నారు. తెలుగు వ్యాకరణం రాసిన క్యాంప్‌బెల్ మాత్రం, తెలుగూ కన్నడమూ కలగలిసిన తన జిల్లాలోని 533 బడుల్లో చదువు ఎలా సాగుతోందో పూసగుచ్చినట్టు రాశాడు. పిల్లలు వేలితో ఇసుకలో అక్షరాలు దిద్దడం, ముందు నేర్చినవాడు వెనకవాడికి చెప్పడం ఆయనకు బాగా నచ్చాయి. ఈ పద్ధతిని ఇంగ్లండు అనుకరించిందంటే అందుకు తగినదేనన్నాడు. అదే నివేదికలో ఇంకో సంగతీ ఉంది. పాత కావ్యభాషలోని పద్యాలను పిల్లలు వందల కొద్దీ అప్పజెప్తారు. వాటి అర్థం వాళ్ళకు తెలియదు, చాలాచోట్ల చెప్పే పంతులుకూ తెలియదు. నేర్పే విద్య ఊళ్ళోనే పుట్టి పెరుగుతోంది. కానీ నేర్పేవాడికి తనకు తెలియనిది నేర్పే దిక్కు మాత్రం ఎక్కడా లేదు.

ఆ దిక్కు తానవుతానని ప్రభుత్వం ముందుకొచ్చి రెండు వందల ఏళ్ళు కావస్తోంది. ఈ కాలంలో తెలుగునాట ఉపాధ్యాయుల అర్హత గురించి వచ్చిన కోడ్‌లు, చట్టాలు, జీవోలు, తీర్పులు అన్నీ రెండు పనుల చుట్టూ తిరిగాయి. ఒకటి, బోధించబోయే మనిషిని తయారుచేయడం. రెండు, ఆ మనిషి పనికొస్తాడో లేదో తేల్చడం. మొదటిదానికి బడి కావాలి, గురువులు కావాలి, స్టైపెండు కావాలి, ఏళ్ళు పడతాయి. రెండోదానికి ఒక ప్రశ్నపత్రం, ఒక కటాఫ్ చాలు. చరిత్ర పొడవునా ప్రభుత్వం మొదటి పనిని కొద్దికొద్దిగా చేజార్చుకుంటూ రెండో పనిని పెంచుకుంటూ వచ్చిందనీ, ఆ లోటు భారమంతా చివరికి టీచరు నెత్తిన పడిందనీ నా వాదన. టీచర్లను పరీక్షించకూడదని కాదు. తయారుచేయాల్సిన చేయి తన పని మానేసి పరీక్షించే చేయిగా మాత్రమే మిగలడం మీద నా అభ్యంతరం.

మన్రో 1826 మార్చి మినిట్‌లో లెక్కలున్నాయి. కోటీ ఇరవై ఎనిమిది లక్షల పైచిలుకు జనాభాకు మద్రాసు ప్రెసిడెన్సీలో మొత్తం 12,498 బడులు. ఆయన ఈ లెక్కతో ఆగలేదు. జిల్లాకు రెండు పెద్ద బడులు, తాలూకాకు ఒక తాసీల్దారీ బడి పెట్టాలనీ, వాటికి కావలసిన పంతుళ్ళను తయారుచేయడానికి ముందు మద్రాసులో ఒక కేంద్ర పాఠశాల ఉండాలనీ ప్రతిపాదించాడు. జిల్లా బడి పంతులుకు నెలకు 15 రూపాయలు, తాలూకా బడి పంతులుకు 9 రూపాయలు. పిల్లలిచ్చే ఫీజులు దీనికి అదనం. తక్కువ జీతమే అని ఆయనకూ తెలుసు. అయినా వరస గమనించండి: ముందు తయారుచేసే చోటు, ఆ తర్వాత జీతం, ఆ తర్వాత బడి. మరుసటి ఏడాది మన్రో పత్తికొండ దగ్గర కలరాతో పోయాడు. తాసీల్దారీ బడులు సరైన పంతుళ్ళు లేక, పట్టించుకునేవాళ్ళు లేక చతికిలబడ్డాయి. 1830ల్లో వాటిని ఎత్తేశారు. పథకం విఫలమైందని రాసుకున్నారు గానీ, పథకానికి మూలమైన పంతుళ్ళ తయారీయే సరిగా జరగలేదని రాసుకున్నవాళ్ళు తక్కువ.

ఇక్కడ కొంచెం పక్కకు వెళ్ళక తప్పదు. క్యాంప్‌బెల్ మెచ్చుకున్న పద్ధతి అప్పటికే సముద్రం దాటింది. మద్రాసు ఎగ్మూరులో సైనికుల అనాథ పిల్లల ఆశ్రమాన్ని నడిపిన ఆండ్రూ బెల్ 1789 తర్వాత స్థానిక బడిలో ఇసుక మీద రాసే పిల్లల్ని చూశాడు. తన ఆశ్రమంలో పెద్దపిల్లల చేత చిన్నపిల్లలకు చెప్పించాడు. ఇంగ్లండు వెళ్ళాక 1797లో దాని మీద పుస్తకం వేశాడు. అది అక్కడ మద్రాసు పద్ధతిగా పేరుపడింది. కొన్నాళ్ళకు దాని లోపమూ బయటపడింది. తనకు చెప్పిందే తిరిగి చెప్పే పిల్లవాడు గురువు కాలేడు. అందుకని 1846లో ఇంగ్లండు దాన్ని మార్చింది. ఎంపికైన పెద్దపిల్లలు స్టైపెండు తీసుకుంటూ హెడ్‌మాస్టరు దగ్గర కొన్నేళ్ళు అప్రెంటీసు చేయాలి, ఆ తర్వాత ట్రైనింగ్ కాలేజీకి వెళ్ళాలి. మన వీధిబడి నుంచి వెళ్ళిన ఆలోచన ఈ కొత్త రూపంలో 1854లో ఉడ్స్ డిస్పాచ్ పేరుతో మళ్ళీ మన దేశానికొచ్చింది.

ఉడ్స్ డిస్పాచ్ అంటే ఇంగ్లీషు చదువు, యూనివర్సిటీలు, గ్రాంట్లు అని చెప్పుకుంటాం. ఉపాధ్యాయుల విషయంలో అది చెప్పిన నాలుగు మెట్ల గురించి ఎక్కువగా మాట్లాడుకోం. పనికొస్తారనిపించిన కుర్రాళ్ళను ఎంచి స్టైపెండు ఇవ్వాలి. బడి వేళల తర్వాత వాళ్ళకు చెప్పే హెడ్‌మాస్టరుకూ కొంత ముట్టజెప్పాలి. యోగ్యులని తేలినవాళ్ళను నార్మల్ స్కూలుకు పంపి, చదువు పూర్తయ్యాక సర్టిఫికెట్ ఇవ్వాలి. చివరగా, బడిలో చేరాక బతకడానికి సరిపడే జీతానికి భరోసా ఉండాలి. ఈ వరసలో సర్టిఫికెట్ మూడో మెట్టు. దానికి ముందు రెండు మెట్లు ప్రభుత్వం ఖర్చు పెట్టేవి, దాని తర్వాతి మెట్టూ ప్రభుత్వం ఖర్చు పెట్టేదే. ఆ తర్వాతి చరిత్రంతా ఈ నాలుగు మెట్లలో మూడోదాన్ని మాత్రం ఉంచుకుని మిగతావి ఒక్కొక్కటే తీసేయడమే. ఈ మాట కఠినంగా ఉంటుందని నాకు తెలుసు. రుజువులు చెబుతాను.

మొదలు బాగానే జరిగింది. 1856లో మద్రాసులో ప్రభుత్వ నార్మల్ స్కూలు తెరిచారు. అదే తర్వాత సైదాపేట టీచర్స్ కాలేజీ అయింది. గ్రాంటు కోడ్‌లో ఉపాధ్యాయుడి సర్టిఫికెట్ గ్రేడును బట్టి జీతంలో వాటా ఇచ్చే ఏర్పాటు చేశారు. ట్రైనింగ్ పొందిన పంతులును పెట్టుకున్న యాజమాన్యానికి లాభం కలిగే లెక్క అది. గోదావరి జిల్లాలో నరసాపురం చుట్టుపక్కల ఊళ్ళు తమంతట తాము పన్ను వేసుకుని బడులు నడుపుకోవడానికి ముందుకొచ్చాయి. ఆ వసూళ్ళకు చట్టబద్ధత ఇవ్వడానికే 1863 మద్రాసు విద్యా చట్టం వచ్చింది. 1870లో, బ్రిటిష్ సంస్కర్త మేరీ కార్పెంటర్ పట్టుదల ఫలితంగా, మద్రాసులో ఆడవాళ్ళకు నార్మల్ స్కూలు మొదలైంది. ఆ రోజుల్లో ఒక వితంతువు స్టైపెండు తీసుకుని చదువుకుని టీచరు కాగలగడం చిన్న సంగతి కాదు. ఆ స్టైపెండు లేకపోతే ఏ పరీక్ష పెట్టినా ఆమె గడప దాటి వచ్చేది కాదు.

అయితే బడులు పెరిగేకొద్దీ లెక్క తప్పింది. లక్షల పిల్లలకు చాలినంత మంది శిక్షణ పొందిన పంతుళ్ళను తయారుచేయడానికి సర్కారు దగ్గర డబ్బు లేదు, తొందర మాత్రం ఉంది. దాంతో 1860ల చివర ఇంగ్లండు నుంచే ఇంకో పద్ధతి దిగుమతి చేసుకున్నారు. ఏడాదికోసారి ఇన్‌స్పెక్టరు వస్తాడు, పిల్లల్ని చదివిస్తాడు, రాయిస్తాడు, లెక్కలు చేయిస్తాడు. ఎంతమంది గట్టెక్కితే పంతులుకు అంత గ్రాంటు. పంతులుకు ట్రైనింగ్ ఉందా లేదా అన్నది పెద్దగా అడ్డం కాదు. వీధిబడుల పంతుళ్ళు వేల సంఖ్యలో డిపార్ట్‌మెంటు లెక్కల్లోకి వచ్చింది ఈ దారినే. బడులు పెరిగాయి, నిజమే. ఇన్‌స్పెక్టరు రాకముందు నెలల తరబడి అవే పుటలు వల్లె వేయించడమూ పెరిగింది. క్యాంప్‌బెల్ ఎత్తిచూపిన జబ్బు ఇప్పుడు సర్కారు ఖర్చుతో ముదిరింది. తయారీకి బదులు పరీక్షను నిలబెట్టడానికి మనకున్న మొదటి పెద్ద ఉదాహరణ ఇది. 1906లో ఆ పద్ధతిని విడిచిపెట్టారు గానీ, దాదాపు నలభై ఏళ్ళ అలవాటు ఒక ఉత్తర్వుతో పోదు.

ఈలోగా హైస్కూళ్ళ వైపు వేరే కథ నడిచింది. 1882లో వేసిన హంటర్ కమిషన్, బోధనా సూత్రాలలోనూ ఆచరణలోనూ ఒక పరీక్ష పెట్టి, ప్రభుత్వ, ఎయిడెడ్ సెకండరీ స్కూళ్ళలో శాశ్వత ఉద్యోగానికి దాన్ని షరతు చేయమంది. మద్రాసు యూనివర్సిటీ బోధనలో ఎల్.టి. పట్టా మొదలుపెట్టింది. 1894లో రాజమండ్రిలో ట్రైనింగ్ కాలేజీ వచ్చింది. సర్కారు జిల్లాల హైస్కూళ్ళకు తరతరాల మేష్టర్లు అక్కడినుంచే వెళ్ళారు. 1904లో కర్జన్ విద్యా తీర్మానం ఇంకో అడుగు ముందుకేసింది. ట్రైనింగ్ కాలేజీకి ఆర్ట్స్ కాలేజీతో సమానంగా సామగ్రి, సిబ్బంది ఉండాలనీ, ప్రతి కాలేజీకి అనుబంధంగా అభ్యాసానికి ఒక మంచి బడి ఉండాలనీ చెప్పింది. సర్వేపల్లి రాధాకృష్ణన్ అంతటివాడు ప్రెసిడెన్సీ కాలేజీలో చేరిన కొత్తలో, 1910లో, సైదాపేటకు వెళ్ళి శిక్షణ తీసుకున్నాడు. ఎంత చదివినవాడికైనా బోధన వేరే విద్య అన్న నమ్మకం ఆనాటి నిబంధనల్లో ఉంది. ఆ నమ్మకం నుంచి ఊహించని మేలు కూడా జరిగింది. స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా ఉత్తర కోస్తాకు వచ్చిన జె.ఎ. యేట్స్, పిల్లలు మాట్లాడే తెలుగొకటి, బడిలో నేర్పే తెలుగొకటి ఎందుకని అడిగాడు. ఆ ప్రశ్న పి.టి. శ్రీనివాస అయ్యంగారి ద్వారా గురజాడకూ గిడుగుకూ చేరింది. వ్యావహారిక భాషోద్యమానికి మొదటి ప్రేరణల్లో ఒకటి తరగతి గదిలో బోధన గురించి వచ్చిన సందేహం.

ఆనాటి ట్రైనింగ్ స్కూలు పని ఎలా సాగేదో కొంచెం దగ్గరగా చూడాలి. శిక్షణార్థి పాఠ్యపథకం రాసుకుని పక్కనే ఉన్న మోడల్ స్కూల్లో పిల్లల ముందు నిలబడతాడు. వెనక బెంచీల్లో తోటి ట్రైనీలు, పర్యవేక్షించే మాస్టారు నోటు పుస్తకాలతో కూర్చుంటారు. పాఠం అయ్యాక పిల్లలు వెళ్ళిపోతారు. అప్పుడు ఆ పాఠాన్ని విప్పి చూస్తారు. ప్రశ్న వేసి జవాబు రాకముందే నువ్వే చెప్పేశావు. బల్ల మీద రాసేటప్పుడు తరగతికి వీపు పెట్టావు. మూలన కూర్చున్న పిల్లను ఒక్కసారీ అడగలేదు. దీన్నే క్రిటిసిజం లెసన్ అనేవారు. ఏ ప్రశ్నపత్రమూ పట్టుకోలేని తప్పులు ఈ గదిలో దొరికేవి. దొరికాక దిద్దుకోవడానికి మర్నాడు ఇంకో పాఠం ఉండేది. ఎనిమిదో తరగతి పాసై శిక్షణ పొందినవాళ్ళు హయ్యర్ గ్రేడు, ఎస్.ఎస్.ఎల్.సి. పాసై పొందినవాళ్ళు సెకండరీ గ్రేడు. వార్ధా విద్యా విధానం ప్రభావంతో ఈ ట్రైనింగ్ స్కూళ్ళే బేసిక్ ట్రైనింగ్ స్కూళ్ళయ్యాయి. ఈనాటి ఎస్.జి.టి. (సెకండరీ గ్రేడ్ టీచర్) పోస్టుకు ఆ పేరు అప్పటినుంచి వచ్చిందే. ఇప్పుడు దాన్ని ఎవరూ గ్రేడుగా తలచుకోరు, అంతే.

ఆ కాలాన్ని స్వర్ణయుగమని నేననను. సీట్లు కొద్ది. వాటికి చేరుకోగలిగిన కులాలూ కొద్దే. ఊరి టీచరు జీతం గుమాస్తా జీతంతో తూగేది కాదు. 1920 ఎలిమెంటరీ విద్యా చట్టం వచ్చాక కూడా శిక్షణ లేని పంతుళ్ళతో బడులు నడిచాయి. హైదరాబాదు రాజ్యంలో ఇంకో ఇబ్బంది. అక్కడ చదువు మాధ్యమం ఉర్దూ. కాబట్టి 1948 తర్వాత తెలుగులో బోధించగల శిక్షితులు స్థానికంగా చాలినంతమంది లేకుండా పోయారు. బయటి జిల్లాలవాళ్ళను టీచర్లుగా వేయడం మీద వరంగల్లులో రేగిన అలజడే 1952 ముల్కీ ఆందోళనకు నాంది. ముందుగా మనుషుల్ని తయారుచేసుకోని లోటు ఒక తరం ఉద్యోగాలను, ఒక ప్రాంతం రాజకీయాలను ఎలా కుదిపేస్తుందో చూపడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం అక్కర్లేదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక బడులు ఊరూరికీ వెళ్ళాయి. అది ఘనతే. అయితే పాత కథే మళ్ళీ జరిగింది. కొత్త బడి తెరవడం ఓట్లు తెస్తుంది, ట్రైనింగ్ స్కూలు తెరవడం తేదు. 1980ల్లో, 90ల్లో నెలకు 398 రూపాయలకు పనిచేసిన స్పెషల్ టీచర్లు, తర్వాత విద్యా వలంటీర్లు ఈ తొందరకు పుట్టినవాళ్ళు. ఆ 398 అనే అంకె వాళ్ళ పేరులో భాగమైపోయింది. నోషనల్ ఇంక్రిమెంట్ల కోసం దశాబ్దాల పాటు వాళ్ళు పెట్టుకున్న అర్జీల్లో కూడా వాళ్ళు 398 టీచర్లే. ఇంకోవైపు ప్రభుత్వం తీర్చని గిరాకీని ప్రైవేటు ట్రైనింగ్ సంస్థలు పట్టుకున్నాయి. అనుమతి లేని సంస్థల్లో చేరిన విద్యార్థులు తమను కనీసం పరీక్ష రాయనివ్వమని సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 1986లో నాగేశ్వరమ్మ కేసులో జస్టిస్ ఒ. చిన్నప్పరెడ్డి ఒప్పుకోలేదు. ఆయన కారణం ఈ వ్యాసమంతటికీ ఆయువుపట్టు. పరీక్ష పాసైతే చాలదన్నాడు. పసిపిల్లల ముందుకు వెళ్ళే మనిషి సరైన ఏర్పాట్లున్న సంస్థలో కొంత కనీస కాలం శిక్షణ పొంది ఉండాలన్నాడు. తెలుగు రాష్ట్రం నుంచి వెళ్ళిన కేసులో, ఒక తెలుగు న్యాయమూర్తి చెప్పిన ఈ మాటను మన ప్రభుత్వాలు ఇంకొంచెం చెవిన పెట్టి ఉండాల్సింది.

కొంతవరకు పెట్టాయి కూడా. 1986 జాతీయ విద్యా విధానం తర్వాత జిల్లాకొక డైట్ (జిల్లా విద్యా శిక్షణ సంస్థ) వచ్చింది. అంగలూరు, బొమ్మూరు, దూబచర్ల, బోయపాలెం, కార్వేటినగరం, బుక్కపట్నం, వమరవల్లి, మైనంపాడు వంటి ఊళ్ళ పేర్లు టీచర్ల కుటుంబాల్లో ఇంటి పేర్లంత పరిచితం. చాలా జిల్లాల్లో డైట్ ఉన్నది జిల్లా కేంద్రంలో కాదు, ఇలాంటి చిన్న ఊరిలోనే. బ్రిటిష్ సాయంతో నడిచిన ప్రాథమిక విద్యా ప్రాజెక్టు ఉద్యోగంలో ఉన్న టీచర్లను దగ్గరి కేంద్రాల్లో కూర్చోబెట్టి, ఒకరి పనిని ఒకరు చూసుకునే వీలు కల్పించింది. ప్రభుత్వం పూనుకుంటే చేయగలదని ఇవి చెబుతున్నాయి. అయితే అవే ఏళ్ళలో రెండో దారి చాలా వేగంగా వెడల్పయింది. 1976లో 42వ సవరణతో విద్య ఉమ్మడి జాబితాలోకి వెళ్ళి ఉంది. 1973 నుంచి సలహాలకు పరిమితమైన జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి, అంటే ఎన్.సి.టి.ఇ.కి 1993 చట్టంతో గుర్తింపు ఇచ్చే, రద్దు చేసే అధికారం వచ్చింది. 1995లో అది అమల్లోకి వచ్చింది. నాసిరకం కాలేజీలను అరికట్టడానికి పుట్టిన ఆ సంస్థ చేతుల మీదుగానే దేశమంతటా, మన రాష్ట్రంలోనూ వందల కొద్దీ ప్రైవేటు బి.ఇడి., డి.ఇడి. కాలేజీలకు గుర్తింపు దొరికింది. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ జె.ఎస్. వర్మ కమిషన్ 2012లో చూసేసరికి, ఉపాధ్యాయ విద్యా సంస్థల్లో దాదాపు 90 శాతం ప్రైవేటువే. ఈ రంగంలో ప్రభుత్వ పెట్టుబడి పెరగాలని ఆ కమిషన్ గట్టిగా చెప్పింది. తయారీ అనే పని ఇలా ఫీజు కట్టే అభ్యర్థికీ, ఫీజు తీసుకునే యాజమాన్యానికీ మధ్య బేరమైంది. హాజరు లేకుండా సర్టిఫికెట్ ఇచ్చే కాలేజీలకూ కొదవ లేదు.

ఇక తేల్చే పని. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 23వ సెక్షన్ టీచర్ల కనీస అర్హతలను నిర్ణయించే అధికారాన్ని ఒక కేంద్ర సంస్థకు అప్పగించింది. 2010 ఆగస్టు 23న ఎన్.సి.టి.ఇ. నోటిఫికేషన్‌తో టెట్ (ఉపాధ్యాయ అర్హత పరీక్ష) వచ్చింది. మన దగ్గర 2011లో మొదటి టెట్ జరిగింది. 150 ప్రశ్నలు, రెండున్నర గంటలు, ఒక్కో ప్రశ్నకు నాలుగు జవాబులు. పేపర్ ఒకటిలో శిశు వికాసం, రెండు భాషలు, గణితం, పరిసరాల విజ్ఞానం తలా 30 మార్కులు. తర్వాత టీచర్ల నియామక పరీక్ష డి.ఎస్.సి.; అందులో టెట్ మార్కులకు 20 శాతం వెయిటేజి. పిల్లలున్న గదిలో అభ్యర్థి ఒక్క నిమిషమైనా నిలబడి చూపాల్సిన అవసరం ఈ దారిలో ఎక్కడా లేదు.

దీనికి బలమైన జవాబొకటి ఉంది. దాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. డి.ఎస్.సి. రాతపరీక్ష లేని రోజుల్లో ఉద్యోగం సిఫారసుకో డబ్బుకో పోయేది. మెరిట్ జాబితా గోడకెక్కాకే కూలి చేసుకునే ఇంటి పిల్లలు, మొదటి తరం చదువరులు, వెనకబడిన ఊళ్ళ ఆడపిల్లలు వేల సంఖ్యలో టీచర్లయ్యారు. 2025లో ఆంధ్రప్రదేశ్ మెగా డి.ఎస్.సి.లో 16,347 పోస్టులకు జరిగిన పోటీలో మధ్యవర్తికి చోటు లేకపోవడం గొప్ప సంగతి. నేను ఆ పరీక్షను ఎత్తేయమనను. అది ఎంపికకు న్యాయమైన పద్ధతి. అయితే ఎంపిక వేరు, సిద్ధపరచడం వేరు. వెయ్యిమందిలో వందమందిని నిజాయితీగా ఏరగలం. ఆ వెయ్యిమందికీ సరైన శిక్షణ దొరకకపోతే ఏరిన వందమందికీ దొరకనట్టే. అప్పుడు ఏరడం ఎంత న్యాయంగా జరిగినా, ఫలితం బాగా చదివి రాసినవాళ్ళ వరస మాత్రమే. అవనిగడ్డలోనో హైదరాబాదు అశోక్‌నగర్‌లోనో గది అద్దెకు తీసుకుని ఏళ్ళ తరబడి కోచింగ్‌కు వెళ్ళే అభ్యర్థి పెట్టే ఖర్చు చూడండి. ఒకప్పుడు ప్రభుత్వం స్టైపెండుగా ఇచ్చిన డబ్బు ఇప్పుడు అభ్యర్థి జేబు నుంచి, అదీ బోధన నేర్చుకోవడానికి కాకుండా బిట్లు నేర్చుకోవడానికి పోతోంది.

రెండో అభ్యంతరం: కాలేజీలు సర్టిఫికెట్లు అమ్ముతున్నప్పుడు పరీక్ష కాకపోతే ఇంకేం చేస్తాం? ఇది సబబైన ప్రశ్నే. కానీ ఆ కాలేజీలు ఆకాశం నుంచి ఊడిపడలేదు. వాటికి గుర్తింపు ఇచ్చింది చట్టం పెట్టిన సంస్థ, అఫిలియేషన్ ఇచ్చింది యూనివర్సిటీలు, పరీక్షలు నడిపింది ప్రభుత్వమే. తన తనిఖీలో విఫలమైన రాజ్యం ఆ వైఫల్యానికి మందుగా అభ్యర్థికే ఇంకో పరీక్ష పెట్టింది. 2014 రెగ్యులేషన్లతో బి.ఇడి. రెండేళ్ళు చేసి, 20 వారాల ఇంటర్న్‌షిప్ పెట్టడం మంచి దిశలో వేసిన అడుగే. అయితే ఆ ఇరవై వారాలు బడిలో జరిగాయో కాగితం మీద జరిగాయో చూసేవాళ్ళు లేకపోతే గడువు రెట్టింపు చేసినందువల్ల ఫీజు మాత్రమే రెట్టింపవుతుంది.

మూడోది డబ్బు గురించి, అత్యవసరం గురించి. టీచరే లేని బడి కంటే ట్రైనింగ్ లేని టీచరున్న బడి మేలు కదా అంటారు. ఆ మాట 1868లోనూ అన్నారు, 1983లోనూ అన్నారు. ఒక్క ఏడాదికైతే అది నిజం. అయితే సడలింపు ఎప్పుడూ ఒక్క ఏడాదితో ఆగలేదు. విద్యాహక్కు చట్టం శిక్షణ లేని టీచర్లకు మొదట ఐదేళ్ళు గడువిచ్చింది. 2017లో సవరించి 2019 మార్చి 31 దాకా పొడిగించింది. అప్పుడు జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ (ఎన్.ఐ.ఓ.ఎస్.) ద్వారా దూరవిద్యలో డి.ఎల్.ఇడి. కోర్సు పెట్టి దేశమంతటా పది లక్షల మందికి పైగా చేర్చుకున్నారు. ఇన్ని లక్షల మందికి ఒకేసారి పాఠం చెబుతూ, ఒక్కొక్కరి పాఠాన్ని వెనక బెంచీలో కూర్చుని చూసే గురువును ఎవరూ సమకూర్చలేరు. పైగా ఈ సడలింపుల బరువు పట్టణంలో మంచి బడి ఎంచుకోగల కుటుంబాల మీద పడదు. ఏజెన్సీ గూడెంలో, ఏకోపాధ్యాయ బడిలో చదివే పిల్లల మీద పడుతుంది.

చట్టం ఎటు నడవాలో తేల్చుకోలేనితనం బి.ఇడి. వివాదంలో బయటపడింది. 2018 జూన్‌లో ఎన్.సి.టి.ఇ. ఒకటి నుంచి ఐదు తరగతులకు బి.ఇడి. వాళ్ళూ అర్హులేననీ, చేరాక ఆరు నెలల బ్రిడ్జి కోర్సు చేస్తే చాలనీ చెప్పింది. బి.ఇడి. పెద్దపిల్లల చదువు కోసం రూపొందిన కోర్సు. ఆరేళ్ళ పిల్ల అక్షరాన్ని ఎలా పట్టుకుంటుందో, కూడిక ఎందుకు తడబడుతుందో అది నేర్పదు. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు దేవేశ్ శర్మ కేసులో ఆ నోటిఫికేషన్ చెల్లదంది. ప్రాథమిక విద్య హక్కులో నాణ్యత కూడా భాగమేనంది. అయినా 2024 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ డి.ఎస్.సి. నోటిఫికేషన్‌లో ఎస్.జి.టి. పోస్టులకు బి.ఇడి. అభ్యర్థులను రానిచ్చారు. హైకోర్టు అడ్డుకోవాల్సి వచ్చింది. చిన్నపిల్లలకు చెప్పడం వేరే విద్య అని 1904 నాటికే తెలిసిన విషయాన్ని మనం కోర్టుల్లో మళ్ళీ గెలుచుకోవాల్సి వస్తోంది.

2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టులో జస్టిస్ దీపాంకర్ దత్తా, జస్టిస్ మన్‌మోహన్‌ల ధర్మాసనం ఇంకా దూరం వెళ్ళింది. మైనారిటీ సంస్థల విషయాన్ని విస్తృత ధర్మాసనానికి వదిలి, మిగతా బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది తరగతులు చెబుతూ, పదవీ విరమణకు ఐదేళ్ళకు మించి సర్వీసు మిగిలిన ప్రతి టీచరూ రెండేళ్ళలో టెట్ పాసవ్వాలంది. ఐదేళ్ళలోపే మిగిలినవాళ్ళు కొనసాగవచ్చు, ప్రమోషన్ కావాలంటే మాత్రం టెట్ ఉండాలి. పిల్లల హక్కు ముందు టీచర్ల ఇబ్బంది చిన్నదని దీన్ని సమర్థించేవాళ్ళు అంటారు. పిల్లల హక్కు పెద్దదని నేనూ ఒప్పుకుంటాను. అందుకే అడుగుతున్నాను: పాతికేళ్ళు బోధించిన మనిషి బాగా చెబుతున్నాడో లేదో తెలుసుకోవడానికి తరగతి గదికి వెళ్ళి చూడటమా, నాలుగు జవాబుల ప్రశ్నపత్రం ఇవ్వడమా? 2010 నోటిఫికేషన్ అంతకు ముందు నియమితులైనవాళ్ళకు టెట్ అక్కర్లేదని చెప్పింది. నాటి నిబంధనల ప్రకారం ప్రభుత్వమే ఎంపిక చేసింది, ప్రభుత్వమే జీతమిచ్చింది, ప్రభుత్వమే బదిలీ చేసింది. ఇన్నేళ్ళలో వాళ్ళ బోధనలో లోపముంటే, దాన్ని చూసి దిద్దాల్సిన వ్యవస్థ ఏం చేసిందన్నది ఆ రెండేళ్ళ గడువులో ఎవరూ జవాబు చెప్పనక్కర్లేని ప్రశ్న.

చట్టం చేతిలోనే జవాబుంది. విద్యాహక్కు చట్టం 23వ సెక్షన్ టీచరుకు షరతు పెట్టింది, గడువు పెట్టింది, అది తప్పితే ఉద్యోగం పోయే ప్రమాదం పెట్టింది. అదే చట్టం 8వ సెక్షన్‌లో ప్రభుత్వం టీచర్లకు శిక్షణా సౌకర్యం కల్పించాలని ఒక్క ముక్క ఉంది. దానికి గడువు లేదు, కొలత లేదు, తప్పితే ఏమవుతుందో లేదు. 26వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ బడుల్లో టీచరు పోస్టుల ఖాళీలు పది శాతం దాటకూడదు. ఆ టీచర్లను తయారుచేసే డైట్‌లో లెక్చరర్ పోస్టుల ఖాళీలకు అలాంటి హద్దేదీ ఆ చట్టంలో లేదు. రాష్ట్రాలకు ఉమ్మడి జాబితా అధికారం ఉంది కాబట్టి, ఈ హద్దును శాసనసభలే తమ చట్టంలో రాసుకోవచ్చు: డైట్ ఖాళీలకు పది శాతం పరిమితి, ప్రతి ట్రైనీకి స్టైపెండు, ప్రతి శిక్షణ సంస్థకు ఒక అభ్యాస పాఠశాల, అందులో పాఠం చూసి దిద్దే మనిషికి జీతం.